ప్రెయిరీల్లో తొలి వసంతం పక్షులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా ప్రెయిరీలకు, అంటే గడ్డిమైదానాల ప్రాంతానికి, కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఏటా మార్చి వచ్చేసరికి ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కువగా సస్కాచువాన్ రాష్ట్రం గురించి, అందులోనూ సాస్కటూన్, రెజైనా చుట్టుపక్కల గురించి ఉంటుంది. విన్నిపెగ్, కాల్గరీ, ఎడ్మంటన్‌లలో ఉండేవాళ్ళకు కూడా చాలావరకు వర్తిస్తుంది. ఇక్కడ ఇచ్చిన తేదీలు మామూలు సంవత్సరానివి. మంచు ఎక్కువ పడిన ఏడాది వారం, రెండు వారాలు వెనక్కి జరుగుతాయి. పక్షి క్యాలెండరు చూసి రాదు. నేల ఎక్కడ బయటపడింది, నీరు ఎక్కడ కరిగింది అన్నది చూసి వస్తుంది. మీరూ అదే చూడండి.

## ఇంకా గడ్డకట్టి ఉండగా: ఫిబ్రవరి, మార్చి మొదట్లో

మార్చి వచ్చేసినా బయట మైనస్ ఇరవై ఉంది. ఈ చలిలో పక్షులు నిజంగా వస్తాయా?

వస్తాయి, కొన్ని అప్పటికే వచ్చేసి ఉంటాయి కూడా. అందరికన్నా ముందు వచ్చేది హార్న్‌డ్ లార్క్. ఫిబ్రవరిలోనే దక్షిణ సస్కాచువాన్ పల్లె రోడ్ల అంచుల్లో కనిపిస్తుంది. మన పిచ్చుకకన్నా కాస్త పెద్దది. మట్టిరంగు ఒళ్ళు, పసుపు గొంతు, ఛాతీ మీద నల్ల పట్టీ. మగపక్షి తలమీద రెండు చిన్న నల్ల ఈకలు కొమ్ముల్లా నిక్కబొడుచుకుని ఉంటాయి, ఆ పేరు వాటివల్లే వచ్చింది. మంచు తోసే బండి వెళ్ళాక రోడ్డు పక్కన బయటపడే రెండడుగుల గులకరాతి నేల దీనికి చాలు. అక్కడ దొరికే కలుపు గింజలు ఏరుకుని బతుకుతుంది. పక్షులు రాలేదనుకునేవాళ్ళలో చాలామంది కారులో దీని పక్కనుంచే వెళ్ళిపోయి ఉంటారు. రోడ్డు మీద నుంచి చప్పున లేచి పొలంలోకి పోయే చిన్న పిట్టలను ఒకసారి వేగం తగ్గించి చూడండి.

హైవే పక్కన గుంపుగా లేచే తెల్ల పిట్టలు కూడా వసంతానికి వచ్చినవేనా?

కాదు, అవి వెళ్ళిపోవడానికి సిద్ధమవుతున్నవి. వాటిని స్నో బంటింగ్ అంటారు. చలికాలమంతా ఇక్కడి కోసేసిన పొలాల్లో గడిపి, వసంతంలో ఆర్కిటిక్‌కు పోతాయి. ఎగిరినప్పుడు రెక్కల్లో తెలుపు మెరుస్తుంది. మార్చిలో గుంపులు బాగా పెద్దవవుతాయి. ఏప్రిల్ గడిచేకొద్దీ కనిపించడం మానేస్తాయి.

ఏడాదంతా ఇక్కడే ఉండేవి ఏవి? అవి తెలియకపోతే కొత్తగా వచ్చినదేదో ఎలా గుర్తుపట్టాలి?

ముందు ఇవి నేర్చుకోవడమే మంచిది. నలుపు తెలుపుల్లో, పొడవాటి తోకతో, ప్రతి వీధిలోనూ గోల చేసేది మాగ్‌పై. నల్ల టోపీ, నల్ల గొంతు ఉన్న బుల్లి పిట్ట చికడీ. చెట్టు మానుకు అంటుకుని టకటకలాడించే చిన్నది డౌనీ వడ్రంగిపిట్ట. పల్లెల్లో రోడ్డు పక్క మంచును తవ్వుకుంటూ గుండ్రంగా కనిపించేవి గ్రే పార్‌ట్రిడ్జ్‌లు. ఇవి ఈ నేలవి కావు, 1908లో కాల్గరీ దగ్గర వదిలిన హంగేరీ పక్షుల సంతతి. ఇక ఊరపిచ్చుక, పావురం మన ఊళ్ళో ఉన్నవే. ఆ జాతులనే ఇక్కడికి తెచ్చి వదిలారు. ఇవన్నీ కాక వేరేది కనిపిస్తే అప్పుడు పుస్తకం తెరవండి.

ఫిబ్రవరి, మార్చిలోనే గుడ్లగూబ గుడ్లు పెడుతుందంటున్నారు. ఆ చలిలో పిల్లలెలా బతుకుతాయి?

గ్రేట్ హార్న్‌డ్ గుడ్లగూబ సంగతి అది. ఆల్బర్టా రాష్ట్ర పక్షి కూడా ఇదే. ఇది సొంతంగా గూడు కట్టుకోదు. గద్దో కాకో కిందటేడు కట్టి వదిలేసిన గూటిని ఆక్రమిస్తుంది. అందుకే ఆకులు లేని పాప్లర్ చెట్టు మీద పుల్లల గూట్లోంచి రెండు చెవుల్లాంటి ఈకలు పైకి కనిపిస్తే ఒకసారి ఆగి చూడండి. ఆడపక్షి నెలకు పైగా గుడ్ల మీంచి దాదాపు కదలదు, మగది ఆహారం తెచ్చిపెడుతుంది. బయట మైనస్ ముప్ఫై ఉన్నా గుడ్లు దాని పొట్ట కింద వెచ్చగానే ఉంటాయి. ఇంత తొందర ఎందుకంటే, పిల్లలకు వేట నేర్పడానికి చాలా నెలలు పడుతుంది. వేసవిలో ఎలుకలు, కుందేళ్ళు దండిగా ఉన్నప్పుడే అవి నేర్చుకోవాలి. మళ్ళీ చలి వచ్చేనాటికి సొంతంగా బతకగలగాలి.

సాస్కటూన్‌లో రేడియాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ స్టువర్ట్ హ్యూస్టన్ దశాబ్దాల తరబడి ఈ గుడ్లగూబ పిల్లల కాళ్ళకు గుర్తింపు కడియాలు వేశారు. ఇక్కడి గుడ్లగూబల గురించి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం ఆయన చెట్లెక్కి సంపాదించిందే. మీరు మాత్రం గూడు కనిపిస్తే దూరం నుంచే చూడండి. తల్లి లేచి ఎగిరిపోతే ఆ చలిలో గుడ్లు పోవడానికి ఎంతోసేపు పట్టదు.

తెల్ల గుడ్లగూబను ఇంకా చూడలేదు. ఇప్పుడు వెళ్తే కనిపిస్తుందా?

మార్చి చివరిదాకా అవకాశం ఉంది, ఆ తర్వాత తగ్గిపోతుంది. స్నోయీ గుడ్లగూబ పగలే కనిపిస్తుంది. కరెంటు స్తంభాల మీద, పొలంలో ఎత్తుగా ఉన్న మట్టిగడ్డల మీద చూడండి. మంచు కరిగి నేల నల్లబడ్డాక ఈ తెల్ల పక్షి మైలు దూరం నుంచే తెలుస్తుంది. అందుకే వెళ్ళిపోయే ముందు వారాల్లో దొరకడం తేలిక. ఫోటో కోసం దాని వెనకాల కారులో స్తంభం నుంచి స్తంభానికి తరమకండి. ముందు ఎంతో దూరం ప్రయాణం ఉన్న పక్షి అది.

ఫిబ్రవరిలో నాన్నగారి ఆబ్దికానికి పెరట్లో ముద్ద పెట్టాం. ఒక్క కాకీ రాలేదు. ఇక్కడ కాకులు లేవా?

ఉన్నాయి, ఆ నెలలో మాత్రం చాలావరకు ఉండవు. ఇక్కడి అమెరికన్ కాకి వలసపక్షి. అక్టోబరు, నవంబరుల్లో దక్షిణానికి పోయి మార్చి రెండో వారం తర్వాత తిరిగొస్తుంది. ఒకరోజు పొద్దున్నే హఠాత్తుగా కావుకావు వినిపిస్తుంది. ఇక్కడివాళ్ళకు వసంతం మొదటి గుర్తు చాలామందికి ఆ అరుపే. చలికాలంలో నల్లగా పెద్దగా కనిపించేది రేవెన్. మన బొంతకాకి కన్నా చాలా పెద్దది, గొంతు బొంగురుగా ఉంటుంది, ఎగిరేటప్పుడు తోక చివర కోసుగా కనిపిస్తుంది. మీ ముద్ద తీసుకోవడానికి ఎక్కువగా వచ్చేది మాగ్‌పై. అది కాకి కుటుంబానికి చెందినదే కాబట్టి చాలా ఇళ్ళలో దాంతో సరిపెట్టుకుంటున్నారు. పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా అన్నది మీ ఇంటి సంగతి.

## మంచు కరిగే రోజులు: మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో

కెనడా గూస్ (ఒక పెద్ద బాతు) కనిపిస్తే వసంతం వచ్చేసినట్టేనా?

నగరంలో ఉంటే కాదు. సాస్కటూన్‌లో పవర్ స్టేషన్ దిగువన నది పూర్తిగా గడ్డకట్టదు. అలాంటి చోట్ల కొన్ని గూస్‌లు చలికాలమంతా ఉండిపోతాయి. అవి కనిపించాయని సంబరపడాల్సిన పనిలేదు. చూడాల్సింది వేరే ఉంది. దక్షిణం నుంచి ఎత్తులో, కోణాకారంలో బారులు తీరి అరుచుకుంటూ వస్తున్నాయా? ఊరి బయట పొలాల్లో జంటలు జంటలుగా దిగుతున్నాయా? ఇవి మార్చి మూడో వారం నుంచి జరుగుతాయి. సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం పొలంలో కోతప్పుడు రాలిన గోధుమ, బార్లీ గింజలు తిని, రాత్రి మంచుగడ్డ మీదే నిలబడి నిద్రపోతాయి.

మంచుగడ్డ మీద గంటలకొద్దీ నిలబడితే వాటి కాళ్ళు గడ్డకట్టవా?

కట్టవు. ఒంట్లోంచి కాలికి దిగే వేడి రక్తం నాళాలు, కాలి నుంచి పైకి వచ్చే చల్లటి రక్తం నాళాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి ఇచ్చేస్తుంది. దాంతో పాదం గడ్డకట్టే స్థాయికి కాస్త పైన మాత్రమే ఉంటుంది, ఒంటి వేడి వృథాగా పోదు. పాదాల్లో కండ కూడా చాలా తక్కువ. చలి మరీ ఎక్కువైతే ఒక కాలు ఈకల్లోకి ముడుచుకుంటాయి. ఒంటికాలి మీద ఉన్న బాతును చూసి దెబ్బ తగిలిందని టెన్షన్ పడి ఫోన్లు చేసేవాళ్ళు ఏటా ఉంటారు.

ఉగాదికి ఇక్కడ కోయిల లాంటిదేమైనా కూస్తుందా?

కోయిల లేదు. ఉగాది మార్చి మూడో వారానికీ ఏప్రిల్ రెండో వారానికీ మధ్య ఎప్పుడో వస్తుంది కాబట్టి, ఆ రోజు ఏం వినిపిస్తుందన్నది ఆ ఏటి తేదీని బట్టి ఉంటుంది. ముందుగా వస్తే చికడీ పాటే దిక్కు. రెండే స్వరాలు, పైది ఒకటి, కిందిది ఒకటి, ‘ఫీ... బీ’ అని. మైనస్‌లో కూడా ఎండ కాస్తే పాడుతుంది.

ఉగాది ఏప్రిల్‌లో పడితే మీ అదృష్టం. అప్పటికి వెస్ట్రన్ మెడోలార్క్ వచ్చి ఉంటుంది. ఫెన్సింగ్ కర్ర మీద నిలబడి, పసుపుపచ్చ ఛాతీ మీద నల్లటి కోణం కనబడేలా విరుచుకుని పాడుతుంది. మొదట రెండు మూడు నిదానమైన స్వరాలు, వెంటనే గలగలమని ఒక జారు. పిల్లనగ్రోవి వాయించినట్టుంటుంది. కారు అద్దాలు మూసి ఉన్నా వినిపించేంత గట్టిది. సిటీ లోపల దాదాపు వినబడదు, గడ్డిమైదానం కావాలి. మామిడాకులు దొరకని చోట ఉగాది పొద్దున ఊరి బయటికి అరగంట డ్రైవ్ చేయడం నా లెక్కలో మంచి ఏర్పాటు.

రాబిన్ వచ్చిందని ఫోటో పెట్టాను, మర్నాడే అడుగు మంచు పడింది. అవి చచ్చిపోతాయా?

చాలావరకు బతుకుతాయి. రాబిన్, అంటే ఇటుకరంగు ఛాతీ ఉన్న ఆ పిట్ట, వానపాములే తింటుందని అనుకుంటాం. నేల గడ్డకట్టినప్పుడు అది పళ్ళకు మారిపోతుంది. వీధుల్లో ఎర్రటి గుత్తులతో ఉండే మౌంటెన్ యాష్ చెట్లు, ఎండిపోయి కొమ్మకే ఉన్న క్రాబ్ యాపిల్స్ అప్పుడు దాన్ని ఆదుకుంటాయి. కొన్ని రాబిన్లు ఈ పళ్ళను నమ్ముకుని చలికాలం కూడా ఇక్కడే ఉండిపోతాయి. మీరేమైనా చేయాలనుకుంటే యాపిల్ ముక్కలు కోసి మంచు తీసిన చోట పెట్టండి. నిజంగా కష్టపడేవి తొందరపడి వచ్చిన పురుగులు తినే పక్షులు, ముఖ్యంగా స్వాలోలు. వాటికి మనం చేయగలిగింది పెద్దగా లేదు.

అదే చెట్ల మీద తలమీద జుట్టు దువ్వినట్టుండే బూడిదరంగు పిట్టలు గుంపులుగా వాలితే అవి బొహీమియన్ వాక్స్‌వింగ్‌లు. పులిసిన పళ్ళు తిని తూలడం కూడా చూడొచ్చు.

ఊరి బయట ఫెన్సింగ్ మీద ఆకాశం రంగులో ఒక పిట్ట కనిపించింది. నిజమేనా, నా కళ్ళేనా?

నిజమే, మౌంటెన్ బ్లూబర్డ్ అది. పేరులో కొండ ఉన్నా ప్రెయిరీల్లోకీ మార్చి చివర్లో వస్తుంది. మగది పూర్తిగా లేత నీలం, ఆడది బూడిదరంగుకు రెక్కల్లో నీలం. చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. ఇక్కడ అలాంటి చెట్లు తక్కువ కాబట్టి చాలామంది స్వచ్ఛందంగా ఫెన్సింగ్ స్తంభాలకు చెక్కపెట్టెలు కట్టి చూసుకుంటారు. పల్లె రోడ్లో వరసగా చిన్న పెట్టెలు కనిపిస్తే అవే. తెరిచి చూడకండి.

గ్రౌజ్ పక్షులు డ్యాన్స్ చేస్తాయట కదా. ఎప్పుడు, ఎలా చూడాలి?

ప్రెయిరీ వసంతంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

షార్ప్-టెయిల్డ్ గ్రౌజ్ 1945 నుంచి సస్కాచువాన్ రాష్ట్ర పక్షి. మన కోడి కన్నా చిన్నది, గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, తోక కోసుగా ఉంటుంది. వలస పోదు, చలికాలమంతా ఇక్కడే ఉంటుంది. మార్చి నుంచి మే దాకా తెల్లవారుజామున మగపక్షులు గడ్డి పొట్టిగా ఉన్న ఒక మిట్ట మీద చేరతాయి. ఏళ్ళ తరబడి అదే మిట్ట, ఒక్కోచోట తాతల కాలం నుంచీ అదే. తల వంచి, రెక్కలు అడ్డంగా చాచి, తోక నిలబెట్టి, కాళ్ళు లెక్కపెట్టలేనంత వేగంగా నేలకు కొడుతూ తిరుగుతాయి. మెడ పక్కన ఊదారంగు సంచులు ఉబ్బుతాయి. తోక ఈకలు రాసుకుని చిటచిట శబ్దం వస్తుంది. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, మళ్ళీ అన్నీ ఒక్కసారే మొదలుపెడతాయి. ఆడపక్షులు చుట్టూ తీరిగ్గా తిరిగి ఎంచుకుంటాయి. దాదాపు అన్నీ మధ్యలో ఉన్న ఒకరిద్దరు మగవాటినే ఎంచుకుంటాయి. అందుకే ఆ మధ్య చోటు కోసం అంత పోట్లాట. ఇక్కడి మూలవాసులు పౌవౌ అనే తమ వేడుకల్లో ఆడే చికెన్ డ్యాన్స్ ఈ పక్షి ఆట చూసి పుట్టిందే.

చూడాలంటే సూర్యోదయానికి అరగంట ముందే అక్కడికి చేరి, ఇంజిన్ ఆపి కారులోనే కూర్చోవాలి. తలుపు తీస్తే ఆ పొద్దుటికి ఆట ముగిసినట్టే. గాలి లేని రోజు ఎంచుకోండి. అద్దం కొద్దిగా దించితే శబ్దం వినిపిస్తుంది. స్థలం తెలిసినవాళ్ళు చెప్పరెందుకని నొచ్చుకోకండి. పదిమంది కార్లు చేరితే పక్షులు ఆ మిట్ట వదిలేస్తాయి. ఊళ్ళో ఉన్న నేచర్ సొసైటీలు జరిపే యాత్రల్లో చేరితే మర్యాదగా చూడొచ్చు.

## నీళ్ళు తెరుచుకున్నాక: ఏప్రిల్

ఇక్కడివాళ్ళు స్లూ, స్లూ అంటారు. ఏంటది? పొలంలో నిలిచిన నీళ్ళలో అన్ని బాతులెందుకు?

పొలాల మధ్య ఉండే చిన్న నీటి గుంటలను ఇక్కడ స్లూ అంటారు. పదివేల ఏళ్ళ కిందట హిమానీనదాలు కరిగి వెనక్కి పోయినప్పుడు ఏర్పడిన గుంటలివి. ఆల్బర్టా నుంచి అయోవా దాకా లక్షల్లో ఉన్నాయి. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా ఈ గుంటల ప్రాంతంలోనే పుడతాయి.

ఏప్రిల్‌లో పెద్ద సరస్సులు ఇంకా గడ్డకట్టే ఉంటాయి. పొలంలో అడుగు లోతు మంచునీరు మాత్రం ఎండకు తొందరగా వెచ్చబడుతుంది. అందులో పురుగులు ముందే లేస్తాయి. గుడ్లు పెట్టబోయే ఆడబాతుకు కావలసిన మాంసకృత్తులు అక్కడే దొరుకుతాయి. అందుకే మీకు బురదగుంటలా కనిపించే చోట మల్లార్డ్, పిన్‌టెయిల్ (సూదితోక), టీల్, షవలర్ బాతులన్నీ ఉంటాయి. జమ్ము మొలిచిన గుంటైతే ఎర్ర భుజాల నల్ల పిట్ట రెడ్-వింగ్డ్ బ్లాక్‌బర్డ్ కూడా ఉంటుంది. ముందు మగవి వచ్చి చోటు పట్టుకుంటాయి, ఆడవి తర్వాత వస్తాయి. రైతులకు ఈ గుంటలు ట్రాక్టరుకు అడ్డం. చాలాచోట్ల కాలువలు తవ్వి ఎండగట్టేశారు. ఇంకా జరుగుతూనే ఉంది.

కొల్లేరుకు వచ్చే సూదితోక బాతులు ఇక్కడ కనిపించాయి. అవే ఇక్కడికి వస్తాయా?

జాతి అదే, పక్షులు వేరు. కొల్లేరుకు చలికాలంలో వచ్చేవి సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి దిగుతాయి. ఇక్కడ మార్చి చివర్లో వచ్చే పిన్‌టెయిల్‌లు కాలిఫోర్నియా, టెక్సస్, మెక్సికో తీరాల్లో చలికాలం గడిపినవి. సన్నటి మెడ, చాక్లెట్ రంగు తల, సూదిలాంటి తోక చూస్తే రెండు చోట్లా తేడా కనబడదు. కొల్లేట్లో మనం దాని విశ్రాంతి కాలం చూస్తాం, ఇక్కడ సంసారం చూస్తాం. 1970ల తర్వాత ప్రెయిరీల్లో వీటి సంఖ్య బాగా పడిపోయింది. కారణం, కోసేసిన గోధుమ మోళ్ళ మధ్య నేల మీదే గూడు పెట్టే అలవాటు. వసంతంలో విత్తనం వేసే యంత్రం దానిమీంచే వెళ్తుంది.

ఆకాశంలో తెల్లటి పెద్ద పక్షుల బారు వెళ్ళింది. హంసలా, గూస్‌లా, కొంగలా?

రెక్కల చివర్లు చూడండి, సగం పని అయిపోతుంది.

రెక్క చివర్లు కూడా తెల్లగా ఉండి, మెడ బాగా పొడవుగా ఉంటే హంస. ఏప్రిల్‌లో వెళ్ళేవాటిలో ఎక్కువ ఆర్కిటిక్‌కు పోయే టండ్రా హంసలు. చివర్లు నలుపై, మెడ మామూలుగా ఉండి, వందలు వేలుగా గోల చేస్తూ వెళ్తుంటే స్నో గూస్. వాటి మధ్య ముదురు బూడిద ఒళ్ళు, తెల్ల తల ఉన్నవి కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, అదే పక్షిలో ఇంకో రంగు. నల్ల చివర్లుండి, అరుపు లేకుండా, రెక్కలాడించకుండా గాల్లో సుడులు తిరుగుతుంటే పెలికాన్, అంటే గూడబాతు. మెడ ముందుకు, కాళ్ళు వెనక్కి చాచి, ‘గర్ర్‌ర్’ అని మైలు దూరం వినిపించేలా అరిచేవి క్రేన్లు, కొంగల్లాంటి పెద్ద పక్షులు. వాటిలో బూడిదరంగువి శాండ్‌హిల్ క్రేన్లు.

స్నో గూస్ గుంపు పొలంలో దిగితే నేల తెల్లబడుతుంది. మన దేశానికి ఓడల్లో వచ్చే బఠాణీలు, మైసూర్ పప్పులో చాలా భాగం పండేది ఇలాంటి పొలాల్లోనే.

సాస్కటూన్‌లో పెలికాన్ల కోసం జనం తేదీలు పందెం కాస్తారట. నిజమేనా?

పందెం అనేకన్నా సరదా పోటీ అనాలి. సౌత్ సస్కాచువాన్ నది మీద ఉన్న వియర్ అనే అడ్డుకట్ట దగ్గర మొదటి పెలికాన్ ఏ రోజు దిగుతుందో ఊహించే పోటీని నదీతీరాన్ని చూసుకునే మీవాసిన్ సంస్థ నడుపుతుంది. మామూలుగా ఏప్రిల్ మొదటి సగంలో దిగుతుంది. అడ్డుకట్ట కింద నీరు సుడులు తిరిగే చోట చేపలు దొరుకుతాయి కాబట్టి అక్కడికి వస్తాయి.

నేలపట్టులో గూడబాతులు చూసినవాళ్ళకు ఇది మరీ ఆనందం. అక్కడివి బూడిదరంగు, వీటి ఒళ్ళు మాత్రం మంచులా తెల్లగా ఉంటుంది. రెక్కలు చాస్తే తొమ్మిది అడుగుల దాకా ఉంటాయి. గూడు పెట్టే కాలంలో పై ముక్కు మీద చిన్న కొమ్ము మొలిచి, తర్వాత రాలిపోతుంది. నేలపట్టులో సీజన్ ముగిసే వేళకు ఇక్కడ మొదలవుతుంది. రెండూ చూడదలచుకున్నవాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళి రావడమే.

వూపింగ్ క్రేన్ కనిపించే అవకాశం ఎంత?

తక్కువే, కానీ ప్రపంచంలో దాన్ని వలస దారిలో చూడగలిగే కొద్ది చోట్లలో సస్కాచువాన్ ఒకటి. 1941 నాటికి ప్రపంచం మొత్తం మీద పాతికలోపే మిగిలాయి. టెక్సస్‌లోని అరాన్సస్ తీరంలో చలికాలం గడిపి ఎక్కడికి పోతాయో 1954 దాకా ఎవరికీ తెలియదు. ఉత్తర కెనడాలోని వుడ్ బఫెలో నేషనల్ పార్కులో మంటలు ఆర్పడానికి వెళ్ళినవాళ్ళ హెలికాప్టర్‌లోంచి అనుకోకుండా కనిపించాయి. ఇప్పుడు ఆ మందలో అయిదు వందలకు పైగా ఉన్నాయి. ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారాల దాకా ఈ రాష్ట్రం మీదుగా వెళ్తాయి. దాదాపు అయిదడుగుల ఎత్తు, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి నెత్తి. శాండ్‌హిల్ క్రేన్ల మధ్య ఒకటి రెండు తెల్లవి నిలబడి ఉంటే జాగ్రత్తగా చూడండి. కనిపిస్తే కారు దిగొద్దు, ఉన్న చోటు అందరికీ ప్రకటించొద్దు.

స్తంభాల మీద రోజుకో గద్ద కనిపిస్తోంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

తేదీ సగం సాయం చేస్తుంది. మార్చిలో తెల్ల తలతో నదుల దగ్గర కనిపించేది బాల్డ్ ఈగిల్. ఏప్రిల్ మొదట్లో, రెక్క మడత దగ్గర నల్ల మచ్చతో, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడేది రఫ్-లెగ్డ్ గద్ద. అది ఉత్తరానికి పోతూ ఉంటుంది. ఇటుకరంగు తోక ఉంటే రెడ్-టెయిల్డ్. ఏప్రిల్ మూడో వారం దాటాక ఛాతీ మీద గోధుమరంగు కండువా వేసినట్టుంటే స్వెయిన్సన్స్ గద్ద.

ఈ చివరిది అర్జెంటీనా నుంచి వస్తుంది. అక్కడ మిడతలు తిని బతుకుతుంది. 1995-96లో అర్జెంటీనా రైతులు మిడతలకు మోనోక్రోటోఫాస్ కొడితే ఈ గద్దలు వేలల్లో చచ్చాయి. పత్తి వేసిన మన ఊళ్ళలో ఆ మందు పేరు తెలియనివాళ్ళు ఉండరు. తర్వాత అక్కడ దాని వాడకం ఆపించారు.

## ఇంటి దగ్గర

పక్షులకు అన్నం, బ్రెడ్డు వేయొచ్చా?

వద్దు. అన్నం రెండు రోజుల్లో పులిసి ఎలుకలను పిలుస్తుంది. బ్రెడ్డులో వాటికి పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు. నల్ల పొద్దుతిరుగుడు గింజలు చికడీలకు, ఫించ్‌లకు సరిపోతాయి. ఏప్రిల్‌లో వచ్చే జంకో అనే చిన్న పిట్టలు నేల మీద ఏరుకుంటాయి కాబట్టి వాటికి వరిగెలు చల్లండి. మంచు కరిగాక గింజలు పెట్టే ఫీడర్ కింద పేరుకున్న పొట్టును ఊడ్చేయండి, లేకపోతే జబ్బులు పాకుతాయి.

పక్షి కిటికీకి కొట్టుకుని పడిపోయింది. ఏం చేయాలి?

గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, మూత వేసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉండేచోట ఉంచండి. నీళ్ళు తాగించొద్దు, తిండి పెట్టొద్దు. గంటో రెండు గంటలో తేరుకుంటే బయట పెట్టె తెరవండి. తేరుకోకపోతే వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి ఫోన్ చేయండి. మళ్ళీ జరగకుండా అద్దానికి బయటివైపు రెండేసి అంగుళాల ఎడంలో చుక్కలు అంటించండి. ఒక్క గద్ద బొమ్మ స్టిక్కర్ వల్ల లాభం లేదు.

చెరువు గట్టున గూస్ చచ్చి పడి ఉంది. తీసేయొచ్చా?

చేత్తో ముట్టుకోకండి, కుక్కను దగ్గరికి పోనివ్వకండి. 2022 వసంతంలో బర్డ్ ఫ్లూ వల్ల ప్రెయిరీల్లో స్నో గూస్‌లు చాలా చచ్చాయి, ఆ తర్వాత కూడా ఆ వైరస్ కనిపిస్తూనే ఉంది. వన్యప్రాణుల జబ్బులు చూసే కెనడియన్ వైల్డ్‌లైఫ్ హెల్త్ కోఆపరేటివ్‌కు చెప్తే ఏం చేయాలో చెప్తారు.

రాబిన్ మా డెక్ మీద గూడు కట్టింది. తీసేస్తే తప్పా?

గుడ్లో పిల్లలో ఉంటే తప్పే, చట్టం ఒప్పుకోదు. వలసపక్షుల రక్షణకు 1917 నుంచీ ఇక్కడ ఫెడరల్ చట్టం ఉంది. గుడ్లు పెట్టాక నెల రోజుల్లోపే పిల్లలు ఎగిరిపోతాయి, అందాకా వేరే తలుపు వాడుకోండి.

## బయటికి వెళ్ళేటప్పుడు

మొదటిసారి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

రెజైనావాళ్ళకు లాస్ట్ మౌంటెన్ లేక్. దాని ఉత్తర కొసను 1887లోనే పక్షుల కోసం కేటాయించారు, ఉత్తర అమెరికాలో మొట్టమొదటి ప్రభుత్వ పక్షి రక్షణ స్థలం అదే. ఏప్రిల్ చివర్లో క్రేన్లు, గూస్‌లు బాగా ఉంటాయి. సాస్కటూన్‌లో కారు లేనివాళ్ళకు నది గట్టే చాలు. విన్నిపెగ్ నుంచి ఓక్ హమ్మక్ మార్ష్ దగ్గర, పిల్లలతో వెళ్ళడానికి వీలుగా ఉంటుంది. కాల్గరీకి దక్షిణాన హై రివర్ దగ్గర ఫ్రాంక్ లేక్ ఉంది. చాప్లిన్ లేక్ పేరు విని ఏప్రిల్ మొదట్లో పరిగెత్తకండి. అక్కడ ఉప్పునీటి అంచున తిరిగే పక్షుల జోరు మే నెలలో.

బైనాక్యులర్ తప్పనిసరా? ఎన్ని గంటలకు వెళ్ళాలి?

ఎనిమిది రెట్లు చూపించి, ముందు అద్దం నలభై రెండు మిల్లీమీటర్లు ఉన్నది కొనండి. పన్నెండు, ఇరవై రెట్లవి చేతిలో వణుకుతాయి, ఇక్కడి గాలికి మరీనూ. పాటలకు సూర్యోదయం మంచిది. సాస్కటూన్‌లో ఏప్రిల్ మధ్యలో ఆరుంపావు ప్రాంతంలో తెల్లవారుతుంది. బాతులకు తొందర లేదు, మధ్యాహ్నం కూడా అక్కడే ఉంటాయి.

రోడ్డు పక్క పొలంలోకి దిగి చూడొచ్చా?

అనుమతి లేకుండా దిగకండి. సస్కాచువాన్‌లో 2022 జనవరి నుంచి పల్లెల్లో ప్రైవేటు భూమిలోకి పోవాలంటే ముందుగా యజమానిని అడగాలి, బోర్డు లేకపోయినా సరే. అసలు దిగాల్సిన అవసరం కూడా తక్కువ. ఇక్కడ గళ్ళుగా వేసిన గ్రిడ్ రోడ్లు మైలుకొకటి, రెండు మైళ్ళకొకటి ఉంటాయి, రోడ్డు మీంచే చాలా కనిపిస్తుంది. అయితే మంచు కరిగే రోజుల్లో మట్టిరోడ్డు పైకి గట్టిగా కనిపించి లోపల బురదగా ఉంటుంది. పొద్దున గడ్డకట్టి ఉన్నప్పుడు వెళ్ళిన దారి మధ్యాహ్నానికి కారును మింగేస్తుంది. ఏప్రిల్ నుంచే గడ్డిలో టిక్స్ అనే రక్తం పీల్చే పురుగులుంటాయి, ఇంటికొచ్చాక బట్టలు, జుట్టు చూసుకోండి.

మెర్లిన్ యాప్‌లో పాట రికార్డు చేస్తే పేరు చెప్పింది. దాన్నే లిస్టులో రాసుకోవచ్చా?

పక్షిని కళ్ళతో చూశాక రాసుకోండి. కార్నెల్ ల్యాబ్ తయారుచేసిన ఆ యాప్ మంచిదే, నేర్చుకోవడానికి బాగా పనికొస్తుంది. కానీ మార్చి చివర్లో మీ వీధిలో కిల్‌డీర్‌నో మెడోలార్క్‌నో అది చెప్తే ముందు పైన కరెంటు తీగ మీద చూడండి. యూరోపియన్ స్టార్లింగ్ ఆ పాటలన్నీ అచ్చంగా అనుకరిస్తుంది. నల్లగా మెరుస్తూ, పసుపు ముక్కుతో, రెక్కలు కాస్త వేలాడేసి పాడుతుంటే అది స్టార్లింగే. ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో నమోదు చేసేటప్పుడు తేదీకి అరుదైన పక్షి అయితే ఫోటోనో, చూసిన వివరాలో అడుగుతారు. అనుమానించారని నొచ్చుకోకుండా ఏ రంగు ఎక్కడ చూశారో రెండు ముక్కలు రాసి పెట్టండి, చాలు.